దళారి చేతిలోని సొమ్ము: నష్టం ఎవరి లెక్కలో పడాలి?

బాబా షర్ఫుద్దీన్ (రహ్మతుల్లాహి అలైహి) విశ్రమించిన ఈ పహాడీ షరీఫ్ కొండ కింద మేము పాఠాలు చెప్పుకుంటూ ఏళ్లు గడిచాయి. ధర్మసందేహాలతో మా వద్దకు వచ్చేవారి ప్రశ్నలను బట్టి ఊరి చరిత్రను చెప్పవచ్చుననిపిస్తుంది. ఒకప్పుడు మహర్, తలాఖ్, వారసత్వ పంపకం గురించి అడిగేవారు. 2008 మార్చిలో శంషాబాద్‌లో విమానాశ్రయం ప్రారంభమైన తరువాత ప్రశ్నలన్నీ భూమి చుట్టూ తిరిగాయి: బయానా ఇచ్చి వెనక్కి తగ్గితే ఆ సొమ్ము ఎవరిది? ప్లాటు చూపించిన దళారికి రెండు వైపుల నుండి కమీషన్ ధర్మమేనా? ఇప్పుడు మూడో రకం ప్రశ్నలు వస్తున్నాయి. అవి భూమి గురించి కాదు, బంగారం గురించి కాదు. ఫోనులో కనిపించే అంకెల గురించి.

ఈ మాసం అటువంటి ఒక ప్రశ్నను పాఠకుల ముందు ఉంచుతున్నాము. అడిగినవారి అనుమతి ఉన్నది. పేర్లు అవసరం లేదు.

ఒక ఇంటి ప్రశ్న

విమానాశ్రయానికి ట్యాక్సీ నడుపుకునే ఒక యువకుడు, అతని తండ్రి, మేనమామ ముగ్గురూ కలసి వచ్చారు. యువకుడు తాను కూడబెట్టిన రూ. 2 లక్షలు, మామూ ఇచ్చిన రూ. 3 లక్షలు, ఖాలా ఇచ్చిన రూ. 1,50,000 కలిపి ఒక సబ్ బ్రోకర్ ద్వారా ఖాతా తెరిచాడు. ఖాలా ఇచ్చినది కూతురి పెళ్లికని దాచుకున్న సొమ్ము. ఆమెతో యువకుడు చెప్పిన మాట ఒక్కటే: "మంచి కంపెనీల షేర్లలో పెడుతున్నాను ఖాలా." నిజానికి ఆ సొమ్ము షేర్లలోకి పోలేదు, ఆప్షన్స్‌లోకి పోయింది. మామూకు మాత్రం సంగతి తెలుసు. ఆయన స్వయంగా సబ్ బ్రోకర్ కార్యాలయానికి వెళ్లి, వ్యవహారమంతా విని, ఒప్పుకుని ఇచ్చాడు.

సబ్ బ్రోకర్ నెలకు 3 శాతం ఖాయమన్నాడు. పాస్‌వర్డ్ తన వద్దే ఉంచుకున్నాడు. యువకుడు ఒక షరతు పెట్టాడు: రెండు లాట్లకు మించవద్దు, ఆప్షన్లు అమ్మడమే తప్ప కొనవద్దు. తొమ్మిది నెలలు సజావుగా సాగింది. పదో నెలలో ఒక వారం రూ. 70,000 పోయాయి. దానిని రాబట్టాలని సబ్ బ్రోకర్, అడగకుండానే, గడువు ముగిసే రోజున రూ. 4 లక్షలతో ఆప్షన్లు కొన్నాడు. సాయంత్రానికి వాటి విలువ సున్నా అయింది. ఖాతాలో మిగిలినది రూ. 1,80,000.

ఇప్పుడు సబ్ బ్రోకర్ "మార్కెట్ అంటేనే నష్టభయం, సంతకం పెట్టారు కదా" అంటున్నాడు. యువకుడు "అతడు చేసినదానికి నేనేం చేయను" అంటున్నాడు. మామూ "నిన్ను నమ్మి ఇచ్చాను" అంటున్నాడు. ఖాలాకు ఇంకా ఎవరూ చెప్పలేదు. "మౌలానా సాబ్, ఈ నష్టం ఎవరిది?" అని తండ్రి అడిగాడు.

ఇది ఒక్క ఇంటి సంగతి అయితే మేము ఇన్ని పుటలు వెచ్చించేవారము కాము. 2024 సెప్టెంబరులో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఒక అధ్యయనాన్ని ప్రకటించింది. 2021-22 నుండి 2023-24 వరకు మూడేళ్లలో షేర్ల ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో వ్యాపారం చేసిన కోటి మందికి పైగా సామాన్య వ్యక్తులలో 93 శాతం మంది నష్టపోయారు. అందరి నష్టం కలిపి రూ. 1.8 లక్షల కోట్లకు పైమాటే; సగటున తలకు సుమారు రూ. 2 లక్షలు. 2023-24లో ఈ వ్యాపారం చేసినవారిలో 43 శాతం ముప్ఫై ఏళ్లలోపు వారు. నాలుగింట మూడు వంతులకు పైగా తమ వార్షికాదాయం రూ. 5 లక్షల లోపేనని చెప్పినవారు. ఆ మరుసటి ఏడాది, 2024-25లో, వ్యక్తుల నికర నష్టం రూ. 1,05,603 కోట్లకు చేరింది. ఈ అంకెల వెనుక ఎన్ని పెళ్లిళ్లు ఆగాయో, ఎన్ని గాజులు తాకట్టులోనే ఉండిపోయాయో ఏ అధ్యయనమూ లెక్కించలేదు.

ఆప్షన్ అంటే ఏమిటి?

మన ప్రాంతంలో బయానా తెలియని ఇల్లు లేదు. దానితోనే చెబుతాము. ఒక ప్లాటును ఫలానా ధరకు మూడు నెలల్లోగా కొనే హక్కు కోసం మీరు కొంత సొమ్ము ఇచ్చారు. ధర పెరిగితే కొంటారు. తగ్గితే ఆ సొమ్ము వదులుకుంటారు. ఆప్షన్ కొనడం పైకి ఇటువంటిదే. ఇచ్చే సొమ్మును ప్రీమియం అంటారు, గడువును ఎక్స్‌పైరీ అంటారు.

అయితే రెండు తేడాలను గమనించాలి. బయానా ప్లాటు ధరలో భాగమవుతుంది. ప్రీమియం ధరలో భాగం కాదు, అది కేవలం హక్కు వెల. ఇక బయానాలో ఎక్కడో ఒక చోట నేల ఉన్నది, హద్దురాళ్లు ఉన్నాయి. నిఫ్టీ వంటి సూచీ ఆప్షన్‌లో అప్పగించవలసిన వస్తువే లేదు. గడువు నాటికి ఒక అంకె ఎక్కడ నిలిచిందో చూసి, ఒకరి నుండి మరొకరికి తేడా సొమ్ము మారుతుంది, అంతే.

కొనుగోలుదారు వదులుకునే బయానా విషయంలోనే ఫుఖహాలు ఏకాభిప్రాయానికి రాలేదు. హంబలీలు అనుమతించగా, హనఫీ, మాలికీ, షాఫయీ పండితులలో అత్యధికులు అంగీకరించలేదు. ఇక ఆప్షన్ల గురించి జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 1992 మే నెలలో తన 63వ తీర్మానంలో స్పష్టంగా చెప్పింది: ఇక్కడ అమ్ముడుపోతున్నది సొమ్ము కాదు, ప్రయోజనమూ కాదు, వెల కట్టి వదులుకోదగిన ఆర్థిక హక్కు కూడా కాదు; కావున ఈ ఒప్పందం ధర్మసమ్మతం కాదు. షేరు కొనడం వేరు, ఆప్షన్ కొనడం వేరు. ధర్మసమ్మతమైన వ్యాపారం చేసే కంపెనీలో వాటా కొన్నవాడు ఆ కంపెనీకి యజమానులలో ఒకడు. ఆప్షన్ కొన్నవాడు దేనికీ యజమాని కాడు.

"వ్యూహం" అనే ముసుగు

సబ్ బ్రోకర్లు యువకులకు చెప్పే మాట ఇది: "కొనేవాడు జూదగాడు, అమ్మేవాడు వ్యాపారి. మనం అమ్ముదాం." ఈ మాటను ఒక ఉదాహరణతో పరిశీలిద్దాము. అంకెలు కేవలం అర్థం కావడానికి.

సూచీ 23,000 వద్ద ఉన్నదనుకోండి. పైన 23,500 వద్ద ఒక ఆప్షన్‌ను, కింద 22,500 వద్ద ఒక ఆప్షన్‌ను ఒక్కొక్కటి రూ. 60 చొప్పున అమ్మారు. లాటుకు 75 చొప్పున మొత్తం రూ. 9,000 చేతికి వచ్చింది. సూచీ ఆ రెండు గీతల మధ్య ఉన్నంతకాలం ఆ సొమ్ము మీదే. ఇలా నాలుగు వారాలు గడిస్తే రూ. 36,000. ఐదో వారంలో సూచీ 21,900కు పడింది. కింది గీత నుండి 600 పాయింట్ల తేడా. 75తో గుణిస్తే రూ. 45,000 చెల్లించాలి. వచ్చిన రూ. 9,000 తీసివేస్తే నష్టం రూ. 36,000. నాలుగు వారాల సంపాదన ఒక్క వారంలో పోయింది. అది ఇంకా పడి ఉంటే చేతిలో లేని సొమ్ము కూడా కట్టవలసి వచ్చేది.

ఇది ఊహ కాదు. లోక్‌సభ ఎన్నికల ఫలితాలు వెలువడిన 2024 జూన్ 4న నిఫ్టీ ఒక్కరోజులో సుమారు 1,379 పాయింట్లు, అంటే దాదాపు 6 శాతం పడిపోయింది. అంతకు ముందురోజు అది 700 పాయింట్లకు పైగా ఎగిసింది. పైన అమ్మినవారు ఒకనాడు, కింద అమ్మినవారు మరునాడు దెబ్బతిన్నారు. ఆ రెండు రోజులూ దళారీ రుసుము మాత్రం మామూలుగానే జమ అయింది. సెబీ అధ్యయనం ప్రకారం ఆ మూడేళ్లలో వ్యక్తులు లావాదేవీల ఖర్చుల కిందనే సుమారు రూ. 50,000 కోట్లు చెల్లించారు. అందులో సగానికి పైగా బ్రోకరేజీయే. గిరాకీ గెలిచినా ఓడినా రాబడి తగ్గనివాడు, "ఇంకొకసారి ప్రయత్నించండి" అని చెప్పినప్పుడు ఆ మాటను సలహాగా తీసుకోవచ్చునా?

దళారి స్థానం ఏమిటి?

దళారీ పని స్వతహాగా నిషిద్ధం కాదు. మదీనాలో వ్యాపారులను తొలుత "సమాసిరా", అనగా దళారులు అని పిలిచేవారని ఖైస్ బిన్ అబీ గర్జా (రజి) ఉల్లేఖించారు. దైవప్రవక్త (స) వారిని అంతకన్నా మంచి పేరుతో "తుజ్జార్", వ్యాపారులు, అని సంబోధించారు. క్రయవిక్రయాలలో వ్యర్థ మాటలు, ఒట్లు చోటుచేసుకుంటాయి గనుక దానధర్మాలతో దానిని శుద్ధి చేసుకోమని బోధించారు. పేరు పెంచారు, దానితోపాటు బాధ్యతనూ పెంచారు. పల్లె నుండి వచ్చిన అమాయకుని సరుకును పట్టణవాసి అమ్మిపెట్టడాన్ని ఆయన వారించినప్పుడు, అతనికి దళారిగా ఉండవద్దని దాని భావమని ఇబ్నె అబ్బాస్ (రజి) వివరించారు. మార్కెట్ తెలిసినవాడు తెలియనివాని పక్కన నిలిచినప్పుడు కలిగే ప్రమాదాన్ని షరీఅత్ ఏనాడో గుర్తించింది.

ఫిఖ్ పరిభాషలో దళారి వకీల్, అమీన్. అతని చేతిలోని సొమ్ము అమానత్. సాధారణ నియమం ఏమిటంటే, అమీన్ తన తప్పు లేకుండా కలిగిన నష్టానికి బాధ్యుడు కాడు. రెండు సందర్భాలలో బాధ్యుడవుతాడు: హద్దు మీరినప్పుడు, అజాగ్రత్త చూపినప్పుడు. మొదటిదాన్ని తఅద్దీ అంటారు, రెండవదాన్ని తఖ్సీర్ అంటారు.

దర్జీ, చాకలి, అద్దకం వాడు వలె అందరికీ పనిచేసి కూలి తీసుకునేవాని చేతిలో వస్తువు పోతే ఎలా? ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) దానినీ అమానత్‌గానే పరిగణించారు. ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ (రహ్మ) మాత్రం, తప్పించుకోలేని విపత్తు అయితే తప్ప అతడు పరిహారం చెల్లించవలసిందేనన్నారు. కారణం: ప్రజల సొమ్ముకు రక్షణ ఉండాలి, నలుగురి సరుకు తీసుకునేవాడు "పోయింది" అనే ఒక్క మాటతో తప్పించుకోరాదు. పన్నెండు వందల ఏళ్లనాటి ఈ ఆలోచన నేటి చట్టానికి ఎంత దగ్గరగా ఉన్నదో చూడండి. 2018 నుండి అమలులో ఉన్న సెబీ నియమం ప్రకారం, గిరాకీ ఆదేశం ఇచ్చినట్లు ఫోను రికార్డో, సందేశమో, రాతపత్రమో బ్రోకర్ వద్ద ఉండాలి. వివాదం వస్తే ఆ సాక్ష్యం చూపవలసిన భారం బ్రోకర్‌దే. సబ్ బ్రోకర్లుగా మనం పిలిచే అధీకృత వ్యక్తుల చేతలకు వారిని నియమించిన బ్రోకర్ సంస్థ బాధ్యత వహించాలి. ఖాయమైన రాబడి వాగ్దానం చేయడం నిషిద్ధం.

అమెరికాలో కూడా ఇటువంటి కేసు ఒకటి తేలింది. యూబీఎస్ అనే పెద్ద ఆర్థిక సంస్థ సుమారు 600 మందికి "రాబడి పెంచే వ్యూహం" పేరిట ఆప్షన్లు అమ్మే పథకాన్ని అంటగట్టింది. దానిని అమ్మిన సలహాదారులకే దాని నష్టభయం గురించి తగిన శిక్షణ ఇవ్వలేదని అక్కడి నియంత్రణ సంస్థ తేల్చింది. 2022 జూన్‌లో ఆ సంస్థ సుమారు 2.5 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నది. తనకే తెలియనిదానిని ఎదుటివానికి అమ్మినవాడు "మార్కెట్ అంటే ఇంతే" అని చేతులు దులుపుకోలేడన్నమాట.

మన నగరంలోనే జరిగినది

హైదరాబాద్ కేంద్రంగా ఎదిగిన కార్వీ స్టాక్ బ్రోకింగ్ పేరు తెలియని మధ్యతరగతి ఇల్లు ఒకప్పుడు అరుదు. గిరాకీలు తనకు రాసిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీని ఆసరాగా చేసుకుని, ఆ సంస్థ వారి షేర్లను బ్యాంకుల వద్ద కుదువబెట్టి అప్పు తెచ్చి, ఆ సొమ్మును తన ఇతర సంస్థలకు మళ్లించిందని తేలింది. 2019 నవంబర్ 22న సెబీ దానిని కొత్త గిరాకీలను చేర్చుకోకుండా నిలిపివేసింది. కుదువబెట్టిన షేర్ల విలువ రూ. 2,000 కోట్లకు పైమాటే. మరుసటి నెలలో సుమారు 83,000 మందికి వారి షేర్లు తిరిగి చేరాయి. 2020 నవంబర్‌లో జాతీయ స్టాక్ ఎక్స్ఛేంజ్ ఆ సంస్థను బహిష్కరించింది. 2021 ఆగస్టులో దాని ఛైర్మన్‌ను హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. 2023 ఏప్రిల్‌లో సెబీ సంస్థనూ ఛైర్మన్‌నూ ఏడేళ్లు మార్కెట్ నుండి నిషేధించి, వరుసగా రూ. 13 కోట్లు, రూ. 8 కోట్లు జరిమానా విధించింది.

అక్కడ షేర్లు కొన్నవారు జూదమాడలేదు. పింఛను సొమ్ముతో మంచి కంపెనీలలో వాటాలు కొని నిశ్చింతగా ఉన్నవారు వారిలో ఎందరో. నష్టం మార్కెట్ వలన రాలేదు, అమానత్‌ను భక్షించడం వలన వచ్చింది. కావున నష్టాలన్నిటినీ ఒకే గాటన కట్టరాదు. అవి మూడు రకాలు: తాను తెలిసి ఆదేశించి పోగొట్టుకున్నది, దళారి హద్దుమీరి పోగొట్టినది, దళారి అపహరించినది. మొదటిది సొమ్ము యజమానిది. రెండవది, మూడవది దళారివి. "సంతకం పెట్టారు కదా" అనే మాట మొదటి రకానికే చెల్లుతుంది.

ఆ ఇంటికి మేము చెప్పిన సమాధానం

ఇక అసలు ప్రశ్నకు వద్దాము. మొదట పోయిన రూ. 70,000 యువకుడు ఒప్పుకున్న హద్దులోనే పోయినవి. వాటిని సబ్ బ్రోకర్ మెడకు చుట్టడం న్యాయం కాదు. తరువాతి రూ. 4 లక్షలు స్పష్టమైన ఆదేశానికి విరుద్ధంగా ఖర్చు చేసినవి. షరీఅత్ దృష్టిలో అది తఅద్దీ. ఆ సొమ్ముకు అతడే జవాబుదారి. రాబట్టాలనే సదుద్దేశంతో చేశానన్న మాట అతనిని బాధ్యత నుండి తప్పించదు.

ఖాలా సొమ్ము విషయంలో యువకుడే బాధ్యుడు. ఆమె షేర్ల కోసం ఇచ్చింది. అతడు తెలిసి వేరే దారికి మళ్లించాడు. సబ్ బ్రోకర్ చేసినదానితో ఆమెకు నిమిత్తం లేదు. మిగిలిన రూ. 1,80,000లో మొదట ఆమె రూ. 1,50,000 ఆమెకు చేరాలి. అంతకన్నా ముందు నిజం చేరాలి. పెళ్లి తేదీ నిర్ణయించుకునే ముందు ఆమెకు తెలియకపోవడం రెండో ద్రోహం అవుతుంది.

మామూ సంగతి వేరు. ఆయనకు వ్యవహారం తెలుసు, సబ్ బ్రోకర్ తెలుసు, నెలనెలా వాటా తీసుకున్నాడు. "అసలు ఎక్కడికీ పోదు మామూ" అని మేనల్లుడు చెప్పి ఉండవచ్చు. కాని, పెట్టుబడిదారునికి అసలు ఖాయమన్న షరతు హనఫీ ఫిఖ్‌లో చెల్లదు. లాభంలో వాటా కోరినవాడు నష్టాన్నీ భరించాలి. కావున ఆయన తన అసలు మొత్తాన్ని మేనల్లుని నుండి వసూలు చేయలేడు. మిగిలిన రూ. 30,000లోనూ, సబ్ బ్రోకర్ నుండి రాబట్టగలిగిన దానిలోనూ తమ పెట్టుబడి నిష్పత్తిలో పంచుకోవాలి. ఈ మాట విని మామూ చాలాసేపు మాట్లాడలేదు. ఆయన బాధ మాకు అర్థమయింది. అయినా బంధుత్వం బరువును బట్టి తీర్పు ఒరిగితే అది తీర్పు కాదు.

తొమ్మిది నెలలు వచ్చిన "లాభం" ధర్మసమ్మతమైన సంపాదన కాదు. ఉన్నవారు దానికి సమానమైన మొత్తాన్ని, పుణ్యం ఆశించకుండా, పేదలకు ఇచ్చివేయాలి. అయితే యువకుడు ముందుగా ఖాలా బాకీ తీర్చాలి. దాని తరువాతే ఇది.

చట్టపరంగా చేయవలసినది కూడా చెప్పాము. మొదట బ్రోకర్ సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, ఆ రోజు ఆదేశానికి సాక్ష్యం చూపమని అడగాలి. పరిష్కారం కాకపోతే సెబీ వారి స్కోర్స్ వేదికలో, తరువాత స్మార్ట్ ఓడీఆర్ అనే వివాద పరిష్కార వేదికలో నమోదు చేయాలి. ఒక చేదు నిజం కూడా దాచలేదు: ఖాయమైన రాబడి ఒప్పందాలలో చేరినవారికి, పాస్‌వర్డ్ అప్పగించినవారికి తమ రక్షణ వర్తించదని ఎక్స్ఛేంజీలు పదేపదే ప్రకటిస్తున్నాయి. పాస్‌వర్డ్ ఇచ్చిన రోజుననే తన వాదనలో సగం బలాన్ని యువకుడు వదులుకున్నాడు. ఫిర్యాదు మానవలసిన పని లేదు. కాని వస్తుందో రాదో తెలియని సొమ్మును నమ్మి కొత్త అప్పు చేయరాదు.

ఇళ్లలో పాటించవలసినవి

కుటుంబ సొమ్ము ఎవరి చేతికి ఇచ్చినా, ఎంత, ఎందుకు, ఏ షరతుపై అన్నది రాసుకోండి. దివ్య ఖుర్ఆన్‌లో అతి పెద్ద ఆయత్ (అల్ బఖరా: 282) ఋణ వ్యవహారాలను రాసుకోవడం గురించినదేనని గుర్తుంచుకోండి. మేనల్లుడైనా, అల్లుడైనా మినహాయింపు లేదు.

సోదరీమణులారా! మీ సొమ్ము ఎక్కడ పెట్టబడిందో అడగడం అనుమానించడం కాదు. మహర్‌పై, నగలపై, మీ సంపాదనపై యాజమాన్యాన్ని షరీఅత్ మీకిచ్చింది. "షేర్లు" అంటే ఏ కంపెనీ అని అడగండి. కంపెనీ పేరు చెప్పలేకపోతే అది షేరు కాదని గ్రహించండి.

యువకులారా! ప్రతి లావాదేవీకి కాంట్రాక్ట్ నోటు వస్తుంది, ఎక్స్ఛేంజీ నుండి సందేశం వస్తుంది. వాటిని చదవండి. పాస్‌వర్డ్‌ను, ఓటీపీని ఎవరికీ ఇవ్వకండి. నకిలీ యాప్‌లలో, వాట్సాప్ గుంపులలో చిక్కి సొమ్ము పోతే ఆలస్యం చేయక 1930కి ఫోను చేయండి. "నెలకు ఇంత ఖాయం" అన్న మాట విన్న చోట ఆగిపోండి. ఖాయమైతే అది వ్యాపారం కాదు, వ్యాపారమైతే ఖాయం కాదు.

ఇక ఈ వృత్తిలో ఉన్న మన పిల్లలకు ఒక మాట. మన బస్తీలలో చదువుకున్న యువకులు కొందరు సబ్ బ్రోకర్ల వద్ద పనిచేస్తున్నారు. నమాజుకు వచ్చే వారినే గిరాకీలుగా చేర్చుకుంటున్నారు. గడ్డం చూసి, టోపీ చూసి, సలాం విని నమ్మి సొమ్ము ఇచ్చేవారున్నారు. ఆ నమ్మకం మీది కాదు, దీన్‌ది. దానిని కమీషన్‌గా మార్చుకోకండి. వస్త్రంలోని లోపాన్ని చెప్పకుండా తన భాగస్వామి అమ్మాడని తెలిసి, ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) ఆ సరుకుపై వచ్చిన సొమ్మంతా దానం చేశారని చరిత్రకారులు రాశారు. లోపం చెప్పకుండా అమ్మిన ఒక్క బట్టకే అంతటి భయం కలిగినప్పుడు, నూటికి తొంభై మంది నష్టపోయే దానిని ఖాయమని చెప్పి అమ్మితే?

అమానత్‌లను వాటి హక్కుదారులకు అప్పగించమని అన్నిసా సూరాలో అల్లాహ్ ఆజ్ఞాపించాడు. ఆ ఆజ్ఞ బ్రోకర్ సంస్థ అధిపతికి ఎంత వర్తిస్తుందో, ఖాలా సొమ్ము తెచ్చిన మేనల్లునికీ అంతే వర్తిస్తుంది. మన చేతుల్లో ఉన్న పరుల సొమ్మును సురక్షితంగా అప్పగించే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.